గూఢచారి రోబో కళ్లు ఎర్రబడవు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల్లో వచ్చే సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒక ఘట్టం తరచూ కనిపిస్తుంది. ఇంట్లోనో పరిశోధనశాలలోనో నమ్మకంగా పనిచేస్తున్న రోబో దగ్గరికి శత్రువుల మనిషి వస్తాడు. వీపు మీది మూత తీసి ఒక చిప్ మారుస్తాడు. రోబో కళ్లు ఎర్రబడతాయి, గొంతు మారుతుంది, ఆ క్షణం నుంచి అది గూఢచారి. యంత్రాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ రాయడం, పరీక్షించడం మా వృత్తి కాబట్టి ఈ ఘట్టం గురించి కథకులకూ పాఠకులకూ కొన్ని సంగతులు చెప్పాలనుకుంటున్నాం. కల్పన వద్దనడం మా ఉద్దేశం కాదు. ఇలాంటి మార్పు నిజంగా ఎలా జరుగుతుందో తెలిస్తే కథ ఇంకా బిగువుగా వస్తుంది. పైగా కెమెరా ఉన్న రోబోలు ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో ఇల్లు ఊడుస్తున్నాయి. ప్రవర్తన మారినప్పుడే అనుమానించాలని కథలు నేర్పితే పాఠకుడు చూడాల్సిన చోట చూడడు.

గూఢచారిగా మార్చిన యంత్రం తన పాత పనిని మునుపటిలాగే చేస్తుంది. అదే దాని మొదటి లక్షణం. రోబోలు ఇళ్లలోకి రాకముందే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. 1984లో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం నుంచి వెనక్కి తెప్పించిన యంత్రాలను ఎక్స్‌రే తీసినప్పుడు ఒక ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్‌లో తేడా కనిపించింది. వెతకగా మొత్తం 16 టైప్‌రైటర్లు దొరికాయి. యంత్రం అడుగున ఉండే అల్యూమినియం కడ్డీని సోవియట్ గూఢచారులు లోపల తొలిచి అందులో పరికరం దాచారు. ఏ అక్షరం కొడుతున్నారో లోపలి మీటల కదలికను బట్టి, అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పుతో పసిగట్టి, రేడియో ద్వారా బయటికి పంపేది అది. కొన్ని పరికరాలు టైప్‌రైటర్‌కు వచ్చే కరెంటునే వాడుకున్నాయి, బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేదు. టైప్ చేసేవాళ్లకు మాత్రం ఏళ్ల తరబడి ఏ తేడా తెలియలేదు.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ ఇంకో మెట్టు పైకి వెళ్లింది. అది గూఢచర్యం కాదు, విధ్వంసం. అయినా కథకులు దాన్నుంచి తీసుకోవలసింది చాలా ఉంది. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లను నడిపే సీమెన్స్ కంట్రోలర్ల ప్రోగ్రాంను అది గుట్టుగా మార్చింది. అంతా సవ్యంగా ఉన్నప్పటి రీడింగులను 21 సెకన్ల పాటు రికార్డు చేసి పెట్టుకుని, దాడి సాగినంతసేపూ కంట్రోల్ గదికి వాటినే మళ్లీ మళ్లీ చూపించింది. రోబో గూఢచారి కథలో ‘అంతా బాగానే ఉంది’ అని తెర మీద కనిపించే పచ్చ దీపం ఎర్ర కళ్ల కంటే భయంకరమైనది.

ఇక చిప్ మార్చే సంగతి. ఇంటి రోబోలో సాధారణంగా రెండు మెదళ్లు ఉంటాయి. మోటార్లను తిప్పే చిన్న మైక్రోకంట్రోలర్ ఒకటి, కెమెరా, మ్యాపు, వైఫై చూసుకునే ప్రధాన ప్రాసెసర్ ఒకటి. రెండోదాని మీద ఎక్కువగా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది. దాని ప్రోగ్రాం పక్కనే ఉన్న, కరెంటు ఆపినా చెరిగిపోని ఫ్లాష్ మెమరీలో ఉంటుంది. జాగ్రత్తగా తయారుచేసిన రోబోలో, కరెంటు ఇచ్చిన వెంటనే ప్రాసెసర్ తనలో శాశ్వతంగా ముద్రించిన కీ గుర్తుతో బూట్‌లోడర్ (యంత్రాన్ని లేపే మొదటి చిన్న ప్రోగ్రాం) మీది డిజిటల్ సంతకాన్ని, అంటే అది కంపెనీదేనని, మారలేదని చెప్పే రుజువును సరిచూస్తుంది. బూట్‌లోడర్ లినక్స్ సంతకాన్ని, లినక్స్ ఆ పైవాటి సంతకాలను చూస్తాయి. వరసలో ఎక్కడ ఒక్క బిట్ మారినా యంత్రం లేవదు. అంటే కథలోని ఆగంతకుడు ఫ్లాష్ చిప్ ఊడదీసి కొత్తది అతికిస్తే అతనికి గూఢచారి దొరకదు, కదలని ప్లాస్టిక్ డబ్బా దొరుకుతుంది. బోర్డు మీద పరీక్షల కోసం వదిలిన యూఏఆర్‌టీ (ప్రాసెసర్‌తో తీగల ద్వారా మాట్లాడే దారి) చుక్కలకు మూడు తీగలు తగిలించి లోపలికి చూడటం వేరే మాట. అక్కడ కూడా వోల్టేజీ చూసుకోవాలి. 3.3 వోల్టుల బోర్డుకు 5 వోల్టులు ఇస్తే ప్రాసెసర్ కాలిపోవచ్చు.

మరి శత్రువుకు మిగిలిన దారులేవి? సంతకం చేసే కీని కంపెనీ నుంచే దొంగిలించడం ఒకటి. అప్పుడు రోబోను ముట్టుకోనక్కర్లేదు, అప్‌డేట్ రూపంలో అన్ని ఇళ్లకూ ఒకేసారి పంపవచ్చు. రెండోది, సరైన సంతకమే ఉన్న పాత వెర్షన్‌ను, అందులో తెలిసిన లోపం ఉంది కాబట్టి, తిరిగి ఎక్కించడం. వెర్షన్ వెనక్కి పోకుండా ఆపే లెక్క చిప్‌లో లేకపోతే ఇది పనిచేస్తుంది. మూడో దారి కథకులకు బాగా పనికొస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాంలో కన్నం కనిపెట్టి, ఫ్లాష్‌లో ఏమీ మార్చకుండా, ఆపితే చెరిగిపోయే తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో మాత్రమే కూర్చోవడం. తర్వాత ఎవరు పరీక్షించినా సంతకాలన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ రోబోను ఆపి మళ్లీ వేస్తే గూఢచారి మాయమవుతుంది, దాన్ని కొత్తగా ఎక్కించడానికి శత్రువు దగ్గర్లోనే ఉండాలి. కరెంటు పోతే మాత్రం ఏమీ కాదు, రోబోకు బ్యాటరీ ఉంది. ఆగిపోయేది రౌటర్. అంతసేపూ విన్నదాన్ని రోబో తన మెమరీలో దాచుకోవాలి. ఇంత చిన్న విషయం చుట్టూ ఒక మంచి ఘట్టం అల్లవచ్చు.

దగ్గర్లో అంటే ఎంత దగ్గర? 2024 ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో పరిశోధకులు ఎకోవాక్స్ కంపెనీ ఊడ్చే రోబోలను బ్లూటూత్ ద్వారా సుమారు 130 మీటర్ల దూరం నుంచి స్వాధీనం చేసుకోవచ్చని వివరించారు. కెమెరా నడుస్తున్నప్పుడు కొన్ని మోడళ్లు ఐదు నిమిషాలకోసారి గట్టిగా హెచ్చరించాలి. ఆ హెచ్చరిక రోబోలో ఉన్న ఒక ఆడియో ఫైలు మాత్రమే, లోపలికి చేరినవాడు దాన్ని తీసేస్తే చాలు. కెమెరాకు నాలుగంకెల పిన్ ఉండేది కానీ దాన్ని సరిచూసే పని అప్పట్లో రోబో గానీ సర్వర్ గానీ చేయలేదు, ఫోన్‌లోని యాప్ ఒక్కటే చేసేది. అదే ఏడాది అమెరికాలో ఆ కంపెనీ రోబోలను కొందరు స్వాధీనం చేసుకుని ఇంట్లోవాళ్లను స్పీకర్లోంచి బూతులు తిట్టారు, ఒక ఇంట్లో కుక్కను తరిమారు. తిట్టారు కాబట్టే ఇంటివాళ్లకు తెలిసింది. నోరు మూసుకుని చూస్తూ ఉండిపోయేవాడి సంగతి ఎవరికి తెలుస్తుంది?

మనిషి ఆకారపు రోబోలే కావాలనుకునే కథకులకు 2025 సెప్టెంబరులో బయటపెట్టిన, యూనిట్రీ అనే చైనా కంపెనీ రోబోల లోపం ఉంది. నాలుగు కాళ్ల గో2, బీ2, మనిషిలా నడిచే జీ1, హెచ్1 మోడళ్లలో వైఫై అమర్చడానికి వాడే బ్లూటూత్ దారికి అన్ని రోబోల్లోనూ ఒకే రహస్య కీ ఉండేది. ఆ కీతో లోపలికి వెళ్లి, వైఫై పేరు రాయాల్సిన చోట ఆజ్ఞ రాస్తే రోబో దాన్ని పూర్తి అధికారాలతో అమలు చేసేసేది. సోకిన రోబో తన బ్లూటూత్ పరిధిలోని మరో రోబోకు దాన్ని తనంతట తానే అంటించగలిగేది. గోదాములో నిలబెట్టిన వంద రోబోలు, ఒకదాని నుంచి ఒకదానికి. ఇక్కడ ఊహించడానికి పెద్దగా మిగల్లేదు.

లోపలికి వెళ్లడం సగం పనే. విన్నది బయటికి పోవాలి, చాలా కథలు జారిపోయేది ఇక్కడే. లెక్క చూద్దాం. మాటను బాగా కుదించి సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున పంపితే గంటకు 7.2 మెగాబైట్లు, రోజంతా పంపితే సుమారు 173. వీడియో సెకనుకు ఒక మెగాబిట్ అయినా గంటకు 450 మెగాబైట్లు అవుతుంది, రౌటర్‌ లెక్కల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలివైన గూఢచారి రోబోలోనే మాటను అక్షరాల్లోకి మార్చుకుంటుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరపు ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది, అయినా గంట సంభాషణ 200 కిలోబైట్ల లోపే. రోబో రోజూ పంపే మ్యాపుల మధ్య అది కనిపించదు.

దానికీ ఒక ధర ఉంది, అదే అపరాధ పరిశోధకుడికి ఆధారం. 14.4 వోల్టుల, 5200 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో 75 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 37.5 వాట్లతో ఊడిస్తే సరిగ్గా రెండు గంటలు. వీడియోను కుదించి పంపడానికి అదనంగా 4 వాట్లు వాడితే 1 గంట 48 నిమిషాలకే చార్జింగ్ స్టాండ్‌కు తిరిగి వస్తుంది. ఆ 12 నిమిషాల తేడాను పసిగట్టేది ఇంజినీరే కానక్కర్లేదు, రోజూ అదే వేళకు వచ్చే పనమ్మాయి కావచ్చు. మాటలు వినడానికి మాత్రం ఊడ్చే సమయం పనికిరాదు, ఫ్యాను మోతలో మైకుకు ఏమీ దక్కదు. స్టాండ్ మీద ఊరికే ఉన్నప్పుడే వింటుంది. అప్పుడు బ్యాటరీ లెక్క పనిచేయదు. ఖాళీగా ఉండాల్సిన రోబో ఒళ్లు గోరువెచ్చగా ఉందా, రౌటర్‌లో దాని పేరు మీద అప్‌లోడ్ సాగుతోందా అని చూడాలి.

మైకు లేదు కాబట్టి మా రోబో వినలేదు అనే పాత్రను కూడా కథలోకి తేవచ్చు. 2020లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ, మేరీలాండ్ యూనివర్సిటీ పరిశోధకులు దూరాలు కొలిచే లైడార్ లేజర్‌తోనే మాటలు పట్టారు. స్పీకర్ పక్కనున్న చెత్తబుట్ట లాంటి వస్తువుల కంపనాల నుంచి, పలికిన అంకెలను 90 శాతం దాకా సరిగా గుర్తించారు. అందుకు ఎప్పుడూ గిరగిర తిరిగే లైడార్‌ను ఆపి ఒకే బిందువు మీద నిలపాల్సి వచ్చింది. తిరగాల్సిన లైడార్ ఆగి గదిలో ఒక వస్తువు వైపే చూస్తుండటం, మీ ఎర్ర కళ్లకు బదులు వాడుకోదగిన దృశ్యం.

ఇంట్లో ఇలాంటి రోబో ఉన్న పాఠకులకు: దాన్ని రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు (అతిథుల కోసం విడిగా ఉండే వైఫైకి) మార్చండి, అప్పుడు దానిలో దూరినవాడు మీ ల్యాప్‌టాప్ దాకా రావడం కష్టమవుతుంది. వారానికోసారి స్విచ్ పూర్తిగా ఆపి మళ్లీ వేయండి, ర్యామ్‌లో దాక్కున్నది పోతుంది. పని లేనప్పుడు కెమెరా మీద అడ్డు పెట్టండి. వీలైతే కెమెరా లేనిదే కొనండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మరీ జాగ్రత్త. ఫ్యాక్టరీ రీసెట్ సాధారణంగా వాడకందారు సమాచారాన్ని చెరుపుతుంది, ఫర్మ్‌వేర్‌ను, అంటే యంత్రాన్ని నడిపే లోపలి ప్రోగ్రాంను తిరగరాయదు. 2024లో ఎకోవాక్స్ గురించి చెప్పిన పరిశోధకులే ఇంకో లోపాన్నీ చూపించారు. ఖాతా తొలగించాక కూడా సమాచారం, ప్రవేశానికి వాడే టోకెన్ సర్వర్లో ఉండిపోతున్నాయని, రోబోను అమ్మేసిన పాత యజమాని దాని ద్వారా కొత్త ఇంట్లోకి చూసే వీలుందని. అక్కడ చిప్ మార్చిన వాడు లేడు, కీ దొంగిలించిన వాడూ లేడు. ఏ కథకుడైనా దీన్ని తీసుకుని రాస్తే చదవడానికి ఎదురుచూస్తాం.

— కొందరు ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, హైదరాబాద్