పిల్లల చేతికి ఫోన్ ఇచ్చిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల సెల్‌ఫోన్ పిచ్చి గురించి పోయిన ఆదివారం జిల్లా పేజీలో వేసిన కథనం చదివాను. డ్యూటీల వల్ల ఇన్నిరోజులకు గానీ రాయడం కుదరలేదు. పిల్లలు మాట వినట్లేదని, చదువు చెడిందని అందులో తల్లిదండ్రులంతా మొరపెట్టుకున్నారు. ఆ ఫోన్ వాళ్లకు ఎవరిచ్చారని మాత్రం మీ విలేకరి ఒక్కరినీ అడగలేదు.

నేను నల్లగొండ–దేవరకొండ రూట్లో కండక్టర్‌ని. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పిల్లల్ని వెంటేసుకొచ్చే తల్లులు బాగా పెరిగారు. మొన్న కనగల్ దాటాక మూడేళ్ల బాబు కిటికీ కమ్మి పట్టుకుని "గవేందే అమ్మా?" అని బత్తాయి తోట చూపిస్తున్నాడు. తల్లి రీల్స్‌లోంచి తలెత్తలేదు. వాడు కొంగు గుంజి గుంజి అడిగి చివరికి ఏడుపందుకుంటే, ఫోన్ వాడి చేతిలోనే పెట్టింది. కొండమల్లేపల్లి దాకా వాడు మళ్లీ బయటకు చూడలేదు. దిగేటప్పుడు ఫోన్ లాక్కుంటే కిందపడి పొర్లాడు. వీపు మీద రెండు పడ్డాయి. తోట చూస్తానన్న పిల్లాడు చేసిన తప్పేమిటి?

నేనూ తల్లినే. పొద్దంతా పని చేసొచ్చిన మనిషికి కాసేపు ఫోన్ చూడాలనిపిస్తుందని తెలుసు. కానీ మనం చూసినంతసేపూ పిల్లలు మనల్ని చూస్తూనే ఉంటారు. తండ్రులూ తక్కువేం తినలేదు. సౌండ్ పెద్దగా పెట్టి ఏవేవో వీడియోలు చూస్తుంటే పక్కన పిల్లలు మెడలు చాచి అవే చూస్తారు. ఫోన్ చూపిస్తేనే ముద్ద మింగుతాడని ముచ్చటగా చెప్పుకునేవాళ్లున్నారు. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలొద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కరోనాలో క్లాసుల కోసం కొన్నామంటారు. 2020 సెప్టెంబర్‌లో మొదలైన సర్కారు బడుల పాఠాలు యాదగిరి చానెల్లో, టీశాట్‌లో, అంటే ఇంట్లో టీవీలోనే వచ్చాయి. బడులు తెరిచి ఏళ్లు గడిచినా ఫోన్ ఇంకా పిల్లల దగ్గరే ఉంది.

ఇక అధికారులు. అవగాహన సదస్సని పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి గంటలకొద్దీ ఉపన్యాసాలిస్తారు. స్టేజీ మీది సార్లే ఫోన్లు నొక్కుతుంటే ముందు వరుస పిల్లలు ఏం నేర్చుకుంటారు? ఆ సదస్సేదో తల్లిదండ్రులకు పెట్టాలి. ఫోన్ లాక్కున్న తర్వాత ఆడుకోను జాగా కూడా ఉండాలి కదా. 2022లో ఊరూరా, వార్డు వార్డునా క్రీడా ప్రాంగణాలన్నారు. మా వార్డులో బోర్డు నిలబడి ఉంది, దాని వెనక సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగింది. పాములకు భయపడి ఎవరూ పిల్లల్ని పంపరు. ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. మా దగ్గరి లైబ్రరీలో పిల్లల పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉంటుంది, అడిగితే తాళంచెవి సార్ దగ్గరుందంటారు. ఆ సార్ ఎప్పుడొస్తారో అక్కడ ఎవరికీ తెలియదు.

ఎండాకాలం సెలవులు ఇచ్చేలోపే ఆ తుమ్మ కొట్టించాలని, ఆ బీరువా తెరిపించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

– ఒక ఆర్టీసీ కండక్టర్, నల్లగొండ