కర్రోడిని బావిలోంచి తీసినవాళ్లకు

మొన్న ఆదివారం చంద్రగిరి అవతల మామిడి తోపులో మా కుక్క కర్రోడు పాడుబావిలో పడితే పరిగెత్తుకొచ్చి తీసిన పెద్దాయనకు, మంచం ఇచ్చిన అవ్వకు, నీళ్లలోకి దిగిన తమ్ముడికి, మోకులు పట్టిన అందరికీ చాలా థ్యాంక్స్. ఆ గడబిడలో పేర్లు అడిగే తీరిక ఎవరికీ లేదు. అందుకే ఇలా రాస్తున్నా.

మీరు మమ్మల్ని మొదట గుప్తనిధుల బ్యాచ్ అనుకున్నారని తెలుసు. అనుకోరా మరి! కోట చుట్టుపక్కల కొత్త మొహాలు ఫోన్లు చూసుకుంటూ, చెట్టు తొర్రల్లో చేతులు పెడుతూ, రాళ్లు ఎత్తి చూస్తూ తిరుగుతుంటే ఎవరికైనా వచ్చే అనుమానమే. "ఏం సామీ, ఎంత లోతులో ఉందంట?" అని పెద్దాయన అడిగిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

మేం ఆడుతున్నది జియోక్యాషింగ్. ఒకరు చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. మిగతావాళ్లు జీపీఎస్ చూసుకుంటూ వెతుకుతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టేయాలి. మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే తప్పుగా చూపించడం అమెరికా ప్రభుత్వం 2000 మే నెల మొదట్లో మానేసింది. ఆ వెంటనే అక్కడి ఒరెగాన్ రాష్ట్రంలో ఒకాయన అడవిలో బకెట్ దాచాడు. అక్కడ మొదలైంది ఈ పిచ్చి. డబ్బా కోసం తవ్వడం ఆటలోనే కుదరదు. కోట పురావస్తు శాఖది కాబట్టి అటు వెళ్లనే లేదు, ఫ్రెండ్ వాళ్ల మామ తోపులోనే దాచుకున్నాం. ఇదంతా విని పెద్దాయన "అయితే డబ్బాలో ఏముండాది?" అన్నాడు. పెన్సిలు, పుస్తకం, రెండు గోళీలు అని చెప్పాం. మావైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

కాసేపటికే ముంగిస కనబడి కర్రోడు గొలుసుతో సహా లాక్కుని పోయి బావిలో పడ్డాడు. బోర్లు వచ్చాక వాడకం పోయిన బావి అది. పిట్టగోడ లేదు, చుట్టూ కంప. ఈ ఏడు వానలకు నీళ్లు బాగానే చేరాయి. మెట్ల రాళ్లు సగం ఊడిపోయాయి. వాడు ఈదుతూ గోడలు గీరుతున్నాడు. మా దగ్గర ఖరీదైన ఫోన్లున్నాయి గానీ జానెడు తాడు లేదు.

అరుపులు విని వచ్చిన పెద్దాయన బావిలోకి ఒకసారి చూసి, "నులక మంచం తెండిరా" అన్నాడు, అంతే. మంచం నాలుగు కోళ్లకు నాలుగు మోకులు కట్టి, నీళ్లలో మునిగేదాకా దించారు. తమ్ముడు దిగి వాడిని మంచం మీదికి నెట్టాడు. వాడు భయంతో చెయ్యి కరవబోయినా వదల్లేదు. "ఒగే తీరుగా లాగండి నాయనా, ఒగ మూల లేస్తే జారి పడతాది" అని పెద్దాయన పైనుంచి కేకలు. నులక సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, వాడి గోళ్లు తాళ్లలో చిక్కుకుని జారకుండా పట్టు దొరికింది. పైకి రాగానే ఒళ్లు విదిలించి అందర్నీ తడిపేశాడు. అవ్వ తన పాత చీరతో వాడిని తుడిచి, మాకు మజ్జిగ పోసింది.

ఆదివారమైనా క్లినిక్ తెరిచి చూసిన తిరుపతి వెటర్నరీ డాక్టర్‌గారికి కూడా కృతజ్ఞతలు. ముందు కాలి గోరు ఒకటి ఊడింది, కట్టు కట్టారు. నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చట. ఆ టీకా ముందే వేయించి ఉంది. ఇప్పుడు బాగా తింటున్నాడు.

తోపు ఆసామి బావి చుట్టూ కంచె వేయిస్తానన్నాడు, ఖర్చులో మేమూ కలుస్తున్నాం. అవ్వా, మంచం నులక రెండుచోట్ల తెగింది. వచ్చే ఆదివారం కొత్త నులక తెస్తాం, అల్లడం మాత్రం మాకు రాదు. తమ్ముడూ, నీ చెప్పు ఒకటి మా బండిలో ఉండిపోయింది, అదీ తెస్తాం.