వెనిస్‌లో పడిన టవరూ, కాళహస్తిలో పడిన గోపురమూ

ఎడిటర్ గారికి నమస్కారం,

మా పాప వాళ్లు జర్మనీలో ఉంటారు, పోయిన ఎండాకాలం మేమిద్దరం పోతే మా అల్లుడు వారం లీవు పెట్టి ఇటలీ అంతా తిప్పినాడు. రోమ్‌లో పాంథియన్ అని 1900 ఏళ్ల నాటి గుడి, 43 మీటర్ల గుమ్మటం, దాని నడినెత్తిన పెద్ద కంత, వాన పడితే నేరుగా లోపలికే. ఇంత కట్టినోళ్లు అంత కంత మూయలేకపోయినారా అని మా ఆడామె ఒకటే నవ్వు, వెలుతురు కోసం కావాలనే వదిలినారంట లెండి.

కానీ నేను రాస్తా ఉండేది వెనిస్ సంగతి. అక్కడ సెయింట్ మార్క్స్ చర్చి ముందర దాదాపు 99 మీటర్ల ఇటుకల గంట స్తంభం ఉంది, చూస్తే వందల ఏళ్లదే అనుకుంటాం, కానీ పాతది 1902 జులై 14న పొద్దున నిట్టనిలువునా కూలిపోయిందంట. ముందే గోడ చీలింది చూసి జనాన్ని దూరం పెట్టినారు కాబట్టి మనుషులెవరూ పోలేదు, కాపలాదారు పిల్లి ఒకటి పోయిందంటారు పాపం. ఎట్ల ఉండేదో అట్లే, యాడ ఉండేదో ఆడే కట్టాలని పట్టుబట్టి 1912కి లేపినారు. పాత గంటలు ఐదిట్లో పగలకుండా మిగిలింది ఒకటే, అది ఇప్పటికీ పైనే ఉంది. లిఫ్టులో పైకి పోతే 1609లో గెలీలియో అక్కడి నుంచే తన టెలిస్కోపు చూపించినాడని రాసిన ఫలకం కూడా ఉంది.

మా అల్లుడు ఇదంతా చెప్తా ఉంటే నాకు కళ్ల ముందర మన కాళహస్తి రాజగోపురమే. ఆర్టీసీలో కండక్టర్‌గా ఆ రూట్లో చానా ఏళ్లు చేసినా, దూరం నుంచి గోపురం కనపడితే చాలు, బస్సులో ముసలోళ్లు కూర్చున్న చోటే చేతులు జోడించేవాళ్లు, నేను టికెట్లు కొట్టేది ఆపేసేవాణ్ణి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, ఏడంతస్తులు, 2010 మే 26 రాత్రి పడిపోయింది. అక్కడ కూడా ముందు చీలికలే. 2017లో కొత్తది లేచి కుంభాభిషేకం అయింది, బాగుంది, నేనేం వంక పెట్టడంలే.

కాకపోతే మొన్న మనవడు ఆ గోపురం చూసి 'తాతా ఇది రాయలు కట్టిందేనా' అనినాడు, వానికి చెప్పేదానికి నాకే అర్ధగంట పట్టింది. ఆ వాకిలి దగ్గర అందరికీ కనపడేట్టు ఒక పెద్ద బోర్డు, దాని మీద పాత గోపురం ఫోటో, 1516, 2010, 2017 ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో పెద్దక్షరాలతో, తెలుగులో, తమిళంలో కూడా (మెడ్రాసు నుంచి వచ్చే జనం తక్కువా), పెట్టిస్తే అంత ఖర్చయ్యే పని కాదు. పాత గోపురం ముందర మా బస్సు ఆపి తీసుకున్న ఫోటో ఒకటి నా దగ్గరుంది, కొంచెం పసుపు పట్టింది గానీ ఏడంతస్తులూ కనపడతాయి. ఎవరన్నా అడిగితే ఇచ్చేస్తా.

ఒక రిటైర్డ్ కండక్టరు,
కొర్లగుంట, తిరుపతి