ఇంటి పన్నులో ఐటీఐకి ఒక్క పైసా

సంపాదకులకు నమస్కారం.

ఐటీఐలను ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా, మారుస్తున్నారన్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఐటీఐలో టర్నర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుని మన రాష్ట్రంలో 65 ఐటీఐలకు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు, రోబోలు తెస్తున్నారంటే నాకెంత సంతోషమో చెప్పలేను. నా భయమల్లా ఒకటే. మిషన్ కొనడానికి కోట్లు దొరుకుతాయి, అది ఆగిపోయిన రోజు రెండు వేలు దొరకవు.

ఒక వేసవిలో మా వర్క్‌షాపులో ఉన్నవాటిల్లో మంచి లేత్‌కు (ఇనుమును తిప్పుతూ చెక్కే మిషన్) కూలెంట్ పంపు మోటారు కాలిపోయింది. కోసేటప్పుడు టూల్ వేడెక్కకుండా పోసే ద్రవమే కూలెంట్. వైండింగ్ ఖర్చు 1,800 రూపాయలు. ప్రిన్సిపాల్ గారు పైకి రాశారు. మూడు కొటేషన్లు కావాలన్నారు, పంపాం. ఇంకో కొర్రీ వేశారు, దానికీ జవాబిచ్చాం. ఏడు నెలలు గడిచాయి. అన్నాళ్లూ పిల్లలు నీళ్ల సీసా మూతకు చిల్లు పెట్టి, ఒకడు టూల్ మీద కూలెంట్ పోస్తుంటే ఇంకొకడు కోత పెట్టేవాడు. చివరికి బస్టాండ్ వెనక మోటారు వైండింగ్ షాపు నడుపుకుంటున్న మా పాత ఎలక్ట్రీషియన్ బ్యాచ్ కుర్రాడొకడు సంగతి విని, ఆదివారం వచ్చి మోటారు విప్పుకుపోయాడు. మంగళవారం పొద్దున్నే తెచ్చి బిగించాడు. స్విచ్ వేసి, కూలెంట్ తెల్లటి ధార టూల్ మొన మీద సరిగ్గా పడేదాకా పైపును అటూ ఇటూ వంచుతూ అక్కడే నిలబడ్డాడు. రాగి తీగ డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

మా టౌన్‌లో రైస్ మిల్లు ఎలివేటర్ ఆగినా, బావి కాడ మోటారు కాలినా, ట్రాక్టర్ షాఫ్టు విరిగినా వచ్చేది ఐటీఐ పిల్లలే. ఆర్టీసీ డిపో గ్యారేజీకి వెళ్తే నన్ను సార్ అని పిలిచేవాళ్లు ఇప్పటికీ పది మంది కనిపిస్తారు. ఇంతగా ఆధారపడిన టౌన్‌కు ఆ ఐటీఐ జమాఖర్చుల్లో ఎక్కడా చోటు లేదు. ఇవ్వాలన్నా దారి లేదు, అడగాలన్నా హక్కు లేదు.

దారి ఎలా ఉంటుందో నేను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చూశాను. మా అబ్బాయి అక్కడ ఆపిల్టన్ అనే ఊళ్లో ఉంటాడు. రెండేళ్ల కింద డిసెంబరులో అక్కడ ఉన్నప్పుడు వాళ్లింటికి ఆస్తి పన్ను బిల్లు వచ్చింది. కౌంటీకి ఇంత, మున్సిపాలిటీకి ఇంత, బడికి ఇంత అని వరసలున్నాయి. వాటి కింద టెక్నికల్ కాలేజీకి ఇంత అని మరో వరస! పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అన్నదీ పక్కనే వేశారు. బడి పన్ను ముందు అది చాలా చిన్న మొత్తం. ఆ కాలేజీ పేరు ఫాక్స్ వ్యాలీ టెక్నికల్ కాలేజీ. రాష్ట్రమంతా ఇలాంటివి 16 ఉన్నాయి, 1911లో చేసిన చట్టంతో మొదలైన పద్ధతి ఇది. ఒక్కో కాలేజీ బోర్డులో తొమ్మిది మంది ఉంటారు. అందులో ఉద్యోగాలిచ్చే యజమానులు ఇద్దరైతే ఉద్యోగులు ఇద్దరు ఉండి తీరాలి. 2012లో కొత్త భవనాల కోసం 6.65 కోట్ల డాలర్ల అప్పు తేవాల్సి వస్తే జనాన్నే ఓటు అడిగారు, జనం సరేనన్నారు. అక్కడా ఆస్తి పన్ను భారమేనని గొణుక్కున్నవాళ్లున్నారు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కాలేజీలన్నిటి ఆస్తి పన్నులో 40.6 కోట్ల డాలర్లు తన నెత్తిన వేసుకుంది. అయినా బిల్లులో ఆ వరస మాత్రం పోలేదు. మా వాళ్ల పక్కింటాయన పేపర్ మిల్లు కార్మికుడు, యాభై దాటినవాడు, రాత్రిపూట వెల్డింగ్ క్లాసుకు వెళ్తుంటే చూశాను. తను పన్ను కట్టే కాలేజీకే వెళ్తున్నాడు.

అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. మన ఇంటి పన్నులోనూ అలాంటి వరస ఉంది. 1960 నాటి చట్టం ప్రకారం రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారం అదే. దాని పక్కనే ఐటీఐకి రూపాయికి ఒక్క పైసా చేర్చమని నేను అడుగుతున్నాను. ఏటా మూడు కోట్ల ఇంటి పన్ను వసూలయ్యే టౌన్‌లో మూడు లక్షలు వస్తాయి. టూల్ బిట్లు, హాక్సా బ్లేడ్లు, బెల్టులు, బేరింగులు, వైండింగ్ ఖర్చులు అన్నీ వెళ్లిపోతాయి. జీతాలూ పెద్ద మిషన్లూ ప్రభుత్వం పనే, అందులో నాకు రెండో మాట లేదు. కాకపోతే గ్రంథాలయ పన్ను చాలాచోట్ల మున్సిపాలిటీల దగ్గరే బకాయిపడి ఉంటోంది కాబట్టి, ఈ పైసా నేరుగా ఐటీఐ ఖాతాలో పడాలి. లెక్క గేటు బోర్డు మీద రాయాలి.

అక్కడి బోర్డులాంటి కమిటీలు మనకు కొత్త కాదు. 2007లో కేంద్రం ఎంపికైన ఒక్కో ఐటీఐకి రెండున్నర కోట్లు వడ్డీలేని అప్పుగా ఇచ్చి, స్థానిక పరిశ్రమ పెద్ద చైర్మన్‌గా కమిటీలు వేయించింది. మా దగ్గరా వేశారు. కొన్ని మిషన్లు వచ్చిన మాట నిజం. కానీ ఆ వైండింగ్ షాపు కుర్రాడికి గానీ, ట్రాక్టర్ మెకానిక్కు గానీ, కూతుర్ని ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేర్చిన తల్లికి గానీ అందులో కుర్చీ వేయలేదు. ఏటీసీలకైనా వేయండి.

ఈ ఏడు నా ఇంటి పన్ను 2,400 రూపాయలు కట్టి, రూపాయికి పైసా లెక్కన 24 రూపాయలు పట్టుకుని ఐటీఐ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి, రిజిస్టరు తిరగేసి, ఇలాంటి డబ్బు జమ చేసుకోవడానికి పద్దు లేదు సార్ అన్నాడు. ఆ పద్దు తెరవమని అధికారులకూ, మా మున్సిపల్ కౌన్సిలర్లకూ మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
కరీంనగర్ జిల్లా