కనిగిరి కొండ కింద ట్యూబు మార్చిన అన్నకి

అన్నా, పోయిన ఆదివారం కంగారులో మీ పేరు కూడా అడగలేదు, ఏమనుకోవద్దు.

తప్పు నాదే. కాలు కింద పెట్టకుండా రాళ్లూ బండలూ ఎక్కించే ట్రయల్స్ పోటీ బండికి వెనక ట్యూబ్‌లెస్ టైరు, 4-5 పీఎస్ఐ అంత తక్కువ గాలితోనే బండను కరుచుకుంటుంది. అది చూసి నా ట్యూబు టైరులోనూ గాలి తీసేశా. రాయెక్కుతుంటే టైరు రిమ్ము మీద జారి, వాల్వు మొదలంటా తెగింది. కాలు కింద పెడితేనే ఒక తప్పు పాయింటు పడే ఆట ఇది. నేను బండితో సహా పడ్డా!

మేకలాయన నవ్వాడు, మీరు నవ్వలేదు. "టైరుని రిమ్ముకి పట్టి ఉంచే రిమ్ లాక్ లేకుండా ఇంత గాలి తీస్తారా అబ్బాయా?" అంటూ సంచిలోంచి టైరు లీవర్లు తీశారు. వాల్వు నట్టు రిమ్ముకి బిగించకుండా పైకి వదిలేసి, "టైరు జారితే ఇది పక్కకి వాలిద్ది, అప్పుడే ఆగు" అన్నారు.

చాలా థ్యాంక్స్ అన్నా. మీరు వద్దన్న ట్యూబు డబ్బులు, మర్చిపోయిన స్పానరు నా దగ్గరే ఉన్నాయి. ఈ ఆదివారమూ అక్కడే ఉంటా.