సగంలో తెగిన లాలిపాట

చిరంజీవి కన్నకు,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది. ఆయన నీకు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

సంక్రాంతికి తెనాలి వెళ్తుంటే కారులో జరిగింది నీకు గుర్తుందో లేదో. సూర్యాపేట దాటాక నువ్వో కొత్త పాట పెట్టావు. "ఇది పాటా, రేకుల షెడ్డు మీద వడగళ్ల వానా?" అన్నాను. నువ్వు కిక్కురుమనకుండా ఆపేశావు. నందిగామ దాకా కారులో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మధ్యలో టీ తాగుదామా అని నాన్న అడిగితే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. ఇదంతా ఫోన్‌లో ఎత్తితే నువ్వు "సర్లే అమ్మా" అంటావు, అక్కడితో అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాను, "మా కాలం పాటల్లో సాహిత్యం ఉండేది" అని. పండగ మర్నాడు అమ్మమ్మ వాళ్ల అటక సర్దుతుంటే నా పాటల నోట్‌బుక్ దొరికింది. ఇంటర్ రెండో ఏడు మొదలుపెట్టి డిగ్రీ అయ్యేదాకా రాసింది. రేడియోలో జనరంజని వస్తుంటే ట్రాన్సిస్టర్ ఒళ్లో పెట్టుకుని రాసేదాన్ని. పాట ఆగదు కదా, అందని చోట చుక్కలు పెట్టి వదిలేసేదాన్ని. అదే పాట మళ్లీ ఎప్పుడేస్తారో తెలియదు. వారానికో, నెలకో వేస్తే అప్పుడు చుక్కల మీద మాటలు నింపేదాన్ని, అందుకే ఒకే పాటలో మూడు రంగుల సిరా ఉంది. మరీ అర్థం కాకపోతే మామయ్య సినిమా హాలు దగ్గర పాటల పుస్తకం కొనుక్కొచ్చేవాడు. అందులో చూస్తే నేను రాసుకున్నదానికీ అసలు మాటలకీ పొంతనే ఉండేది కాదు.

అంత కష్టపడి రాసినవి 74 పాటలు. కూర్చుని వరసగా చదివాను. నిజం చెప్పాలంటే వాటిలో సగానికి పైగా నీ ముందు పైకి చదవడానికి నాకు సిగ్గేసింది. కొన్నిటికి అర్థమే లేదు, కొన్నిటికి ఉన్న అర్థం చెప్పుకునేది కాదు. వరస గుర్తున్నవి 18. అందులో ఇప్పటికీ మంచి పాట అని వాదించగలిగినవి ఏడో ఎనిమిదో. వేటూరి గారినీ సిరివెన్నెల గారినీ ముందు నిలబెట్టి నేను "మా కాలం" అంటున్నాను గానీ, ఆ 1990 ప్రాంతంలోనే ఎంత చెత్త వచ్చిందో నా చేతిరాతే సాక్ష్యం. చెత్తంతా రాలిపోయి ఆ ఏడెనిమిదే మిగిలాయి. మీ పాటలు ఇంకా జల్లెడలో పడలేదు, అంతే తేడా.

మరి ఆ చెత్త పాటల్లో ఒకటి ఫోన్‌లో పెడితే నాకు కళ్లల్లో నీళ్లెందుకు తిరిగాయి? అప్పట్లో కూడా అది నాకు నచ్చేది కాదురా. కాలేజీ బస్సు డ్రైవరు రోజూ అదే క్యాసెట్ పెట్టేవాడు, విసుక్కునేవాళ్లం. ఇప్పుడు అది వింటే బస్సు కిటికీ కమ్మీ చల్లదనం అరచేతికి తెలిసింది. పాట బాగుండటం వేరు, పాటలో మనం ఉండటం వేరు. నేను ఇన్నేళ్లుగా ఆ రెండూ కలిపేసి మాట్లాడుతున్నాను.

ఈ విషయం మీద కాస్త చదివాను కూడా. హోల్‌బ్రూక్, షిండ్లర్ అని ఇద్దరు అమెరికా వాళ్లు 16 ఏళ్ల నుంచి 86 ఏళ్ల దాకా ఉన్న 108 మందికి 1932 నుంచి 1986 దాకా వచ్చిన పాటల ముక్కలు వినిపించి ఏది ఎంత నచ్చిందో అడిగారు. సుమారు 24 ఏళ్ల వయసులో విన్న పాటలకే ఎక్కువ మార్కులు పడ్డాయట. వాళ్ల వ్యాసం వచ్చింది 1989లో, మా 'గీతాంజలి' వచ్చిన ఏడే. 108 మందిని అడిగి తేల్చిన అంకెని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు, నాకైతే 17 అనిపిస్తుంది. ఎలా చూసినా నువ్వు ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నావు. ఇప్పుడు వింటున్నవే రేపు నీకు "మా కాలం పాటలు" అవుతాయి, జాగ్రత్తగా విను.

మీ తాతయ్య నన్నూ ఇలాగే అనేవారు. 'మాయాబజార్' వచ్చిన 1957లో ఆయనకు 17 ఏళ్లు. ఘంటసాల గారు 1974లో పోయారు కదా, పాట కూడా ఆయనతోనే పోయిందని తాతయ్య తీర్మానం. నేను ఇళయరాజా పాట పెడితే "మధ్యలో ఆ వయొలిన్ల గోలేంటమ్మా, పాడేవాణ్ణి పాడనివ్వరా?" అనేవారు. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది, ఇళయరాజా వయొలిన్లని గోల అన్న మనిషి ఒకరు మన ఇంట్లోనే ఉండేవారు. ఇక ముత్తాతగారైతే పద్యనాటకాల మనిషి. మైకు పెట్టుకుని పాడేవాళ్లెవరినీ ఆయన లెక్కలో వేసుకునేవారు కాదట. చివరి వరసకి వినపడేలా రాగం తీస్తేనే పాటగాడు.

వీళ్లందరికంటే నాకు బాగా గుర్తుండిపోయింది కీరవాణి గారు. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ ఇచ్చిన పొద్దున మనం టిఫిన్ మానేసి టీవీ ముందు కూర్చున్నాం. అంత పెద్ద వేదిక మీద ఆయనేం చేశారు? కార్పెంటర్స్ వింటూ పెరిగానని చెప్పి, మిగతా మాటలు వాళ్ల పాట వరసలోనే పాడేశారు. కార్పెంటర్స్ అంటే 1970ల్లో అమెరికాని ఊపిన అన్నాచెల్లెళ్లు. అప్పటికి కీరవాణి గారికి అరవై దాటాయి, వందల పాటలకి వరసలు కట్టారు. అయినా సంతోషం పట్టలేనప్పుడు నోటికొచ్చింది కుర్రతనంలో విన్న వరస.

క్యాసెట్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. డిగ్రీ మొదటి ఏడు 15 పాటల చీటీ రాసి మామయ్యకిచ్చాను. ఆడపిల్లలం రికార్డింగ్ షాపుకి వెళ్లేవాళ్లం కాదు. 90 నిమిషాల ఖాళీ క్యాసెట్, పక్కకి 45. షాపతను నాలుగు రోజులు తిప్పించి ఇచ్చాడు. మొదటి పక్క చివర 'ఓ పాపా లాలి' పెట్టాడు, అది పూర్తిగా పట్టలేదు. రెండో చరణం మధ్యలో, బాలు గారు ఇంకా ఊపిరి తీసుకోకముందే, టక్కున తెగిపోయి టేప్ ఆగిపోయేది. మామయ్య వెళ్లి గొడవపడతానన్నాడు గానీ నేనే వద్దన్నాను. అలాగే ఆరేళ్లు విన్నాను. ఈ మధ్య ఫోన్‌లో మొత్తం పాట విన్నాను. తెగాల్సిన చోట తెగకుండా సాగిపోతుంటే ఎవరో నా పాటని పాడుచేసినట్టనిపించింది. అసలు పాట అదే, నాదే సగం ముక్క, అయినా సరే.

నీ చిన్నప్పుడు నిన్ను పడుకోబెట్టడానికి ఆ పాటే పాడేదాన్ని. టేప్ తెగిన చోటికి రాగానే మళ్లీ పల్లవికి వెళ్లిపోయేదాన్ని, ఆ పైన నాకు రాదు కాబట్టి. మొన్న పండక్కి నువ్వు మేడ మీద గాలిపటం దారం చుడుతూ ఏదో కూనిరాగం తీశావు. బట్టలు ఆరేస్తూ విన్నాను. అదే పాట. రెండో చరణం మధ్యదాకా వచ్చి, మళ్లీ పల్లవి ఎత్తుకున్నావు. ఆ షాపతను 1989లో చేసిన తప్పు నీ గొంతులోకి వచ్చేసింది! 2013లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 20 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. తల్లిదండ్రులు కుర్రాళ్లుగా ఉన్నప్పటి పాటలు కూడా ఆ పిల్లలకి బాగా నచ్చాయట. చదివి ఆశ్చర్యపోలేదు, మేడ మీద చూశాను కదా.

బాలు గారు పోయిన రోజు కూడా గుర్తొచ్చింది. 2020 సెప్టెంబర్ 25, నువ్వు లాక్‌డౌన్ వల్ల ఇంట్లోనే ఉన్నావు. నేను వంటింట్లో ఊరికే కూర్చుండిపోతే నువ్వేమీ అడగకుండా టీ పెట్టిచ్చావు. పంచదార వేయడం మర్చిపోయావు, తాగేశాను.

నువ్వు వెళ్లాక చెల్లి ఫోన్‌లోంచి ఇప్పటి పాట ఒకటి తీసుకుని, పప్పు ఉడికేలోపు రోజూ పెట్టుకుని విన్నాను. మొదటి మూడు రోజులూ చిరాకే. ఎనిమిదో రోజు కూర తరుగుతూ నేనే ఆ పాట అంటున్నాను, చెల్లి చూసి వీడియో తీసింది. నీకు పంపితే చూడకు. మరీ లొంగిపోయానని మాత్రం అనుకోకు. డప్పుల కింద గొంతు నలిగిపోతోందని ఇప్పటికీ అంటాను. పాడేది మనిషో మెషీనో తెలియట్లేదనీ అంటాను. అది నిజంగా పాటలో లోపమో, నా 53 ఏళ్ల చెవి మాటో నాకు తేలట్లేదు. తాతయ్యకీ తేలలేదు మరి.

కారులో ఆపేసిన పాట పేరు ఏంటో రాసి పంపు. నేను వెతికాను. 'వడగళ్ల వాన' అని కొడితే వాతావరణం వార్తలు వచ్చాయి.

వచ్చే వారం మామయ్య బెంగళూరు వస్తున్నాడు, గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపుతున్నాను. మూత బిగుసుకుపోయింది, వేడినీళ్లలో కాసేపు పెట్టి తియ్యి.

అమ్మ