శనివారం చర్చకు ముందు

అక్కలూ, చెల్లెళ్లూ! ఈ శనివారం అమెరికాలోని బోస్టన్ నగరపు నల్లజాతి స్త్రీల గురించి మాట్లాడుకుందాం. 1974లో వాళ్లు పెట్టుకున్న సంఘం కాంబాహీ రివర్ కలెక్టివ్. ఆ పేరు కాంబాహీ అనే నది నుంచి వచ్చింది. 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం నుంచి తప్పించుకున్న నల్లజాతి స్త్రీ హారియెట్ టబ్‌మన్ దారి చూపిన దాడిలో 700 మందికి పైగా బానిసలు బయటపడింది ఆ నది దగ్గరే. జాతి, స్త్రీత్వం, వర్గం విడివిడి బాధలు కావని సంఘం వాళ్లు 1977 ప్రకటనలో రాశారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం 1979. కొద్ది నెలల్లోనే బోస్టన్‌లో 12 మంది నల్లజాతి స్త్రీలు హత్యకు గురయ్యారు. సంఘం వాళ్లు కరపత్రం వేసి పంచారు. తమను తాము ఎలా కాపాడుకోవాలో అందులో చెప్పారు. హత్య జరిగినప్పుడల్లా అట్ట మీద చనిపోయినవాళ్ల పాత అంకె కొట్టేసి కొత్తది వేశారు. తోబుట్టువుతనమంటే నాకు ఇదే.

దళిత స్త్రీల సంఘాల్లో పనిచేసిన అక్కలు ముందు మాట్లాడాలి, మిగతావాళ్లం వింటాం. సాయంత్రం 5కి రండి.